చైను తీసి గేరు పెట్టిన జీపు

పాత విల్లీస్ జీపు రేడియేటర్ దించి, ఇంజన్ ముందున్న టైమింగ్ కవర్ విప్పితే రెండింటిలో ఒకటి కనిపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధకాలపు బండి అయితే రెండు పళ్లచక్రాలను చుట్టుకున్న చైను ఉంటుంది. యుద్ధం ముగిశాక వచ్చిన సీజే-2ఏ జీపుల్లో మొదటి విడతలు దాటాక చైను మాయమైంది. కింద చిన్న ఉక్కు గేరు, దాని పళ్లలో పళ్లు కలిపి పక్కన పెద్ద గేరు. బయటి నుంచి చూస్తే ఇంజన్ మాత్రం అదే: నాలుగు సిలిండర్లు, 2.2 లీటర్లు, 60 హార్స్‌పవర్.

రెండూ చేసే పని ఒకటే. పిస్టన్లతో తిరిగే క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు తిరిగేసరికి, వాల్వులను తెరిచే కామ్ షాఫ్టు సరిగ్గా ఒక్క చుట్టు తిరగాలి. అందుకే కామ్ చక్రానికి రెట్టింపు పళ్లు. నిమిషానికి 3,000 చుట్ల వేగంలో ప్రతి వాల్వూ సెకనుకు 25 సార్లు తెరుచుకుంటుంది. మెకానిక్ బిగించేటప్పుడు రెండు చక్రాల మీది చుక్కలు ఎదురెదురుగా వచ్చాయో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకునేది ఇందుకే. ఒక్క పన్ను తప్పినా ఇంజన్ లాగదు.

మరి చైను తీసేసి ఆ చోట గేర్లు పెడితే సరిపోతుందా? సరిపోదు. ఈ ఇంజన్‌లో అన్నిటికన్నా అందమైన సంగతి ఇక్కడే ఉంది.

సైకిల్ పెడల్ ఎటు తిరిగితే వెనక చక్రం కూడా అటే తిరుగుతుంది. చైను గుణం అది. రెండు గేర్లు ఒకదాన్నొకటి కరుచుకుంటే మాత్రం ఒకటి కుడికి, ఇంకొకటి ఎడమకు. అంటే గేరు జీపులో కామ్ షాఫ్టు ఎదురు తిరుగుతుంది. సిలిండర్లు మండే వరస 1-3-4-2 మారకూడదు కాబట్టి వాల్వులను తెరిచే కామ్ ఉబ్బులను కొత్త వరసలో మలచాలి. అంతటితో అయిపోలేదు. ఆయిల్ పంపును తిప్పేది కామ్ షాఫ్టే. స్పార్కు పంచే డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పేది ఆ పంపు ఇరుసు. కామ్ ఎదురు తిరిగినా ఇవి పాత దిశలోనే తిరగాలంటే, పంపు గేరు పళ్ల వాలును తిరగేయాలి. ముందు భాగంలో చైను మార్చితే, ఆ మార్పు ఇంజన్ పక్కనున్న పంపు దాకా పాకింది.

ఇంత శ్రమ దేనికి? చైను సాగుతుంది అంటారు గానీ ఉక్కు రేకులు సాగవు. లింకుల మధ్య పిన్నులు అరుగుతాయి. 50 లింకుల్లో ఒక్కోటి మిల్లీమీటరులో యాభయ్యో వంతు అరిగినా మొత్తం మీద ఒక మిల్లీమీటరు వదులు. కామ్ అంతకంతకు వెనకబడుతుంది, వాల్వులు ఆలస్యంగా తెరుచుకుంటాయి, తక్కువ వేగంలో లాగుడు తగ్గుతుంది. బురదలో, ఎత్తుల్లో మెల్లగా పాకాల్సిన బండికి ఆ లాగుడే ప్రాణం. జీపులో కామ్, క్రాంక్ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి రెండే గేర్లు చాలు. అక్కడ గేరే సరైన ఎంపిక.

అయితే గేరుకూ ఒక బాధ ఉంది. కామ్ ఉబ్బు వాల్వు స్ప్రింగును నొక్కుతూ ఎక్కేటప్పుడు షాఫ్టు బరువుగా తిరుగుతుంది; శిఖరం దాటగానే అదే స్ప్రింగు ఉబ్బును ముందుకు తోస్తుంది. తోపు దిశ మారిన ప్రతిసారీ పళ్ల మధ్య ఉన్న సన్నటి సందులో పన్ను పన్నును కొడుతుంది. ఆ కటకట వినిపించకుండా జీపు కామ్ గేరును ఫైబర్‌తో చేశారు. ఉక్కు మీద మెత్తటి పన్ను, చప్పుడు లేదు. ఏళ్లు గడిచి ఫైబర్ పళ్లు రాలిపోతే బండి నడిరోడ్డు మీద ఆగుతుంది. అయితే ఈ ఇంజన్‌లో వాల్వులు సిలిండర్ పక్కన ఉంటాయి కాబట్టి పిస్టన్ వాటిని గుద్దదు.

అదే తోపు ఫార్ములా వన్‌లో కీత్ డక్‌వర్త్‌ను వేధించింది. ఆయన 1967లో రూపొందించిన కాస్‌వర్త్ డీఎఫ్‌వీ ఇంజన్‌లో నాలుగు కామ్ షాఫ్టులూ గేర్ల వరసతోనే తిరిగేవి. జాండ్‌వూర్ట్‌లో మొదటి రేసులోనే జిమ్ క్లార్క్ గెలిచాడు. అదే ఇంజన్‌తో ముందు వరసలో మొదలుపెట్టిన గ్రాహమ్ హిల్ మాత్రం టైమింగ్ గేర్లు దెబ్బతిని మధ్యలోనే ఆగిపోయాడు. డక్‌వర్త్ దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. గేరు నడిమిలో సన్నటి కడ్డీలు అమర్చాడు. అవి రవ్వంత మెలిపడి, దెబ్బను మింగి, మళ్లీ నిటారవుతాయి. ఆ ఇంజన్ చివరికి 155 గ్రాండ్ ప్రీలు గెలిచింది.

మామూలు కార్లలోనూ రానురాను కామ్ షాఫ్టు తల మీదికెక్కి క్రాంకుకు దూరమైంది. అంత దూరానికి గేర్ల వరస ఖరీదు, చైనే తేలిక. 1962లో జర్మనీ గ్లాస్ 1004 కారు పళ్ల రబ్బరు బెల్టును తెచ్చింది, ఆ తరువాత చాలా కార్లు మళ్లీ చైనుకే వచ్చాయి. పెద్ద లారీ డీజిళ్లు గేరును వదల్లేదు.

పాత జీపుకు ఆయిల్ పంపు కొనేవాడికి మాత్రం ఆ పాత చిక్కు ఇప్పటికీ ఉంది. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి ఇంజన్ తిప్పితే లోపలి రోటర్ రెండు రకాల్లోనూ ఒకే దిశలో తిరుగుతుంది, ఏది ఏ రకమో తెలియదు. పాత పంపు ఊడదీసి దాని గేరు పళ్లు ఎటు వాలాయో చూడాలి, లేదా టైమింగ్ కవర్ విప్పాలి.