గొర్రె గిరగిరా ఎందుకు తిరిగింది?

మా తాండాలో వానలు లేక వేరుశనగ ఎండిపోతే గొర్రెలే దిక్కు. మా నాయనకు 16 గొర్రెలు ఉండేవి. పోయిన ఎండాకాలం సెలవుల్లో ఒక గొర్రె మందను వదిలి, తల ఒక పక్కకు వాల్చి, ఉన్నచోటే గిరగిరా తిరగబట్టింది. గోడ ఎదురొచ్చినా గుద్దుకునేది. మా అవ్వ "గాలి సోకింది" అని దిష్టి తీసింది. అది మేత మానేసి చిక్కిపోతే నాయన కోసేసినాడు. తలకాయ పగలగొడితే మెదడులో కోడిగుడ్డంత నీళ్ల తిత్తి! లోపల కొర్రగింజల మాదిరి తెల్లని చుక్కలు. అసహ్యమేసి ఆ తలకాయను మా కుక్కకు వేసినాము.

బడికి వచ్చినాక సైన్సు టీచరును అడిగితే విషయం తెలిసింది. ఈ జబ్బు పేరు గిడ్.

కుక్క పేగులో ఒక రకం బద్దె పురుగు ఉంటుంది. మీటరు దాకా పెరుగుతుంది. దాని గుడ్లు కుక్క మలంతో గడ్డి మీద పడతాయి. కంటికి కనపడవు. గొర్రె ఆ గడ్డి మేస్తే గుడ్డులోంచి డింభకం బయటికి వచ్చి, పేగు గోడను తొలుచుకుని రక్తంలో కలుస్తుంది. రక్తంతోపాటు ప్రయాణం చేసి మెదడుకో, వెన్నుపాముకో చేరుతుంది. అక్కడ 6 నుంచి 8 నెలల్లో పెద్ద తిత్తి అవుతుంది. మెదడు నొక్కుకుపోయి గొర్రె తిరుగుతుంది. తిత్తిలోని ఒక్కో తెల్లచుక్క ఒక్కో పురుగు తల. కుక్క దాన్ని తింటే అవి మళ్లీ బద్దె పురుగులవుతాయి.

అంటే జబ్బును మేమే కుక్కకు తినిపించినాము!

నాయనకు చెబితే నవ్వినాడు. "మందను కాచే కుక్కే మందను చంపుతాదా?" అన్నాడు. బొమ్మ గీసి చూపించినాక కుక్కను పశువుల ఆసుపత్రికి తీసుకుపోయి పురుగుల మందు వేయించినాడు. మిగిలిన 15 గొర్రెలు ఏమవుతాయో ఇంకా కొన్ని నెలలు చూడాలి.

మనుషులకూ ఇలాంటిదే ఉంది. పంది మాంసం సరిగా ఉడకకపోతే వచ్చే బద్దె పురుగు మనిషి పేగులో ఉంటుంది. దాని గుడ్లు మనిషి మలంతో బయటపడి, కడగని చేతుల ద్వారా, కడగని పచ్చి కూరల ద్వారా నోట్లోకి పోతాయి. డింభకం మెదడు చేరితే మూర్ఛ రావచ్చు. మాంసం తిననోళ్లకూ వస్తుంది. మూర్ఛ వస్తే గాలి, దయ్యం అనుకోకుండా డాక్టరు దగ్గరికి పోవాలి.

గుర్తుంచుకోండి:
1. జబ్బు గొర్రె తలకాయను కుక్కకు వేయరాదు. కాల్చాలి, లేదా లోతుగా పూడ్చాలి.
2. మంద కుక్కకు డాక్టరు చెప్పినట్లు పురుగుల మందు వేయించాలి.
3. మరుగుదొడ్డి వాడాలి. సబ్బుతో చేతులు కడగాలి.

ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ నాయనకూ చెప్పండి. నవ్వితే బొమ్మ గీసి చూపించండి.

— 9వ తరగతి విద్యార్థిని