సోమరితనమనుకున్నాం!

మా అక్కయ్యకు మా ఇంట్లో 'కుంభకర్ణుడు' అని పేరు. ఆ పేరు పెట్టినవాణ్ణి నేనే. అందుకే ఈ నాలుగు ముక్కలూ నేనే రాయవలసి వచ్చింది.

పూర్వం అక్కయ్య అలాంటి మనిషి కాదు. తెల్లవారుజామునే లేచి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టి, మేము పక్కలు దిగేసరికి సగం పని తెమిల్చేసేది. ముప్పై అయిదో ఏడు దాటాక క్రమంగా మారిపోయింది. ఎంత పడుకున్నా నిద్ర తీరదు. రోహిణీ కార్తెలో కరెంటు పోయి మేమందరం విసనకర్రలతో అవస్థ పడుతూంటే తాను దుప్పటి కప్పుకునేది. తినేది పిడికెడు, ఒళ్ళు మాత్రం పెరుగుతున్నది. గొంతు బొంగురుపోయింది. జుట్టు ఊడింది. పొయ్యిమీద పాలు పెట్టి మరచిపోయేది.

"నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటుంది" అనేవారు అత్తగారు. "కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయే" అనేది మా అమ్మ. బావగారు ఏమీ అనేవారు కాదు. ఆ అనకపోవడమే ఆమెను ఎక్కువ బాధించిందని తరవాత తెలిసింది.

ఒకనాడు మెట్లు దిగుతూ అక్కయ్య కాలు బెణికింది. డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్ళాను. ఆయన బెణుకు చూసి కట్టు కట్టి, ఆమె మాట తీరు విని, మొహంవంక పరీక్షగా చూశారు. నీళ్ళు గుటక వేయమని మెడ చూశారు. బాగున్న కాలి మడమపైన చిన్న సుత్తితో తట్టారు. పాదం కదిలిందిగాని, మళ్ళీ యథాస్థానానికి రావడానికి తీరుబడిగా బయలుదేరింది.

"రక్తం పరీక్ష చేయించండి. ఇది సోమరితనం కాకపోవచ్చు, థైరాయిడ్ కావచ్చు" అన్నారు.

చెమట గ్రంథులకూ, లాలాజల గ్రంథులకూ నాళాలు ఉంటాయి. అవి తయారుచేసిన రసం ఆ దారిన బయటికి వస్తుంది. నాళాలు లేని గ్రంథులు మరికొన్ని ఉన్నాయి. వీటిని వినాళ గ్రంథులంటారు. ఇవి తమ రసాలను తిన్నగా రక్తంలోకే వదులుతాయి. 1905లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు స్టార్లింగ్ ఇలాంటి రసాలను హార్మోన్లు అన్నాడు. పురికొల్పడం అనే అర్థంగల గ్రీకు మాటనుంచి వచ్చిన పేరిది. ఉత్తరం ఎన్ని ఊళ్ళు తిరిగినా చిరునామా ఉన్న గుమ్మంలోనే దిగుతుంది గదా! హార్మోను కూడా ఒళ్ళంతా తిరిగి, తనను అందుకోగల కణాలమీదనే పనిచేస్తుంది.

థైరాయిడ్ గ్రంథి కంఠం ముందు, సీతాకోకచిలుక ఆకారంలో, సుమారు 20 గ్రాముల బరువుంటుంది. ఇది రోజుకు తయారుచేసే థైరాక్సిన్ సుమారు 100 మైక్రోగ్రాములు. లెక్క వేసి చూడండి: ఒక్క గ్రాము 27 ఏళ్ళకు సరిపోతుంది! ఆ రవ్వంత పదార్థమే గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలో, తిన్న తిండి ఎంత చురుకుగా ఖర్చు కావాలో, ఒంట్లో ఎంత వెచ్చదనం ఉండాలో నిర్ణయిస్తుంది. ఆలోచన చురుకుదనం కూడా దానిమీద ఆధారపడిందే.

దీనిమీద ఒక మేస్త్రీ ఉన్నాడు. మెదడు కింద బఠాణీ గింజంత ఉండే పీయూష గ్రంథి. రక్తంలో థైరాక్సిన్ తగ్గితే అది టి.ఎస్.హెచ్. అనే మరో హార్మోనును ఎక్కువగా పంపి "కానివ్వు, కానివ్వు" అంటుంది. సరిపడా ఉంటే ఊరుకుంటుంది. అక్కయ్య రక్తంలో థైరాక్సిన్ అట్టడుగున ఉంది, టి.ఎస్.హెచ్. ఉండవలసినదానికి ఎన్నో రెట్లున్నది. అంటే మేస్త్రీ కేకలమీద కేకలు వేస్తున్నాడు. పనివాడికి లేచే శక్తి లేదు. ఇంట్లో మేము చేసినదీ అదే!

"ఉప్పు మార్చమంటారా?" అని అమ్మ డాక్టరుగారిని అడిగింది. అడగవలసిన ప్రశ్నే. థైరాక్సిన్ తయారుకావాలంటే అయొడిన్ కావాలి. హిమాలయాల ఒడిలోని కాంగ్డా లోయలో నేలలో అది తక్కువై, ఎందరికో గొంతు వాచేది. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నంలో వైద్యం చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి, ఆయన సహచరులు 1956లో అక్కడ పరిశోధన ప్రారంభించారు. కొన్నిచోట్ల అయొడిన్ కలిపిన ఉప్పు, ఒకచోట మామూలు ఉప్పు ఇచ్చి చూశారు. కొన్నేళ్ళకు అయొడిన్ ఉప్పు తిన్నచోట వాపులు బాగా తగ్గాయి, రెండోచోట తగ్గలేదు. 1962లో గళగండ నివారణకు జాతీయ కార్యక్రమం మొదలైంది.

అయితే అక్కయ్యది ఉప్పుతో తీరే జబ్బు కాదు. ఒంటిని కాపాడవలసిన రక్షణ శక్తే పొరబడి, సొంత గ్రంథిని శత్రువనుకుని దెబ్బతీసింది. 1912లో జపాను వైద్యుడు హషిమోటో వర్ణించిన వ్యాధి ఇది. గ్రంథి ఇవ్వలేని హార్మోనును మనమే ఇవ్వాలి. ఈ మార్గాన్ని 1891లో ఇంగ్లండులో జార్జి ముర్రే అనే డాక్టరు తెరిచాడు. ఇదే లోపంతో మందగించిపోయిన 46 ఏళ్ళ స్త్రీకి గొర్రె థైరాయిడ్ రసం సూదిమందుగా ఇచ్చాడు. ఆమె కోలుకుని, మరి 28 ఏళ్ళు బతికింది. ఇప్పుడు గొర్రెలతో పని లేదు. చిన్న మాత్ర చాలు. కాని మోతాదు ఎక్కువైతే గుండె దడ పుడుతుంది గనక, రక్తం చూసి డాక్టరే నిర్ణయించాలి.

రెండు మూడు నెలల్లో అక్కయ్య మళ్ళీ మనుషుల్లో పడింది. మాత్ర పరగడుపున వేసుకుని, కొంత వ్యవధి ఇచ్చి కాఫీ తాగాలి. ఆ గడియారం చూసి కాఫీ కలిపే పని అడక్కుండానే అమ్మ తీసుకుంది. క్షమాపణ చెప్పుకోవడం మా ఇంట్లో అలవాటు లేదు.

నేను మాత్రం ఒకనాడు నోరు విప్పాను. అక్కయ్య నవ్వింది. "మీరనుకున్నారని కాదురా తమ్ముడూ. ఇన్నాళ్ళూ నేనూ అదే అనుకున్నాను, ఒళ్ళు వంగని మనిషినైపోయానని" అన్నది.

ఆ మాట నన్నింకా వదలలేదు. మీ ఇంట్లో చురుకైన మనిషి ఎవరైనా ఈ విధంగా మందగిస్తే, పేరు పెట్టకండి. ఒక్కసారి రక్తం పరీక్ష చేయించండి.