ఒకరు ఆపితే.. ఇంకొకరు అందుకునే పాట

ఒకే గదిలో ఆరుగురం ఉంటాం. డ్యూటీ దిగి, వంట ముగించి, ఎవరి ఫోను వాళ్లం పట్టుకుంటాం. చెవుల్లో ఇయర్‌ఫోన్లు. పక్క మంచం మీది తమ్ముడు ఊరి నుంచి ఏం కబురు విన్నాడో, ఎందుకు అన్నం తినలేదో మనకు తెలీదు. ఫర్వానియా అయినా, జిలీబ్ అయినా, మంగాఫ్ అయినా మనోళ్ల గదుల్లో ఇదే వరస. అందుకే ఈసారి ఒక్కరే పాడితే కుదరని పాటల గురించి చెప్పుకుందాం. యుగళగీతం అనగానే హీరో హీరోయిన్లే గుర్తొస్తారు గానీ, ఇద్దరు మగాళ్లు గొంతు కలిపిన పాటలూ మనకు తక్కువేం లేవు.

నవ్వుల జంట

మాధవపెద్ది సత్యం, పిఠాపురం నాగేశ్వరరావు.. పాత సినిమాల్లో హాస్యపాట అంటే ఈ ఇద్దరి పేర్లే. 1962లో వచ్చిన 'కులగోత్రాలు'లో పేకాట పాట గుర్తుందా? కొసరాజు రాశారు, సాలూరి రాజేశ్వరరావు బాణీ కట్టారు. ముక్కలాటలో డబ్బులు పోగొట్టుకున్నోళ్ల గోల అది. విన్నంతసేపూ నవ్వొస్తుంది. కానీ జీతం చేతికొచ్చిన రోజే పేక ముందు కూర్చునేవాళ్లకు అదో హెచ్చరిక కూడా. ఒక్కడే పాడితే ఆ పాట ఏడుపయ్యేది. ఇద్దరు పాడారు కాబట్టే నవ్వయింది!

పెద్దాయన పక్కన కుర్రాడు

1969లో 'ఏకవీర' వచ్చింది. తెరపై ఎన్టీఆర్, కాంతారావు. తెర వెనుక ఘంటసాల, బాలసుబ్రహ్మణ్యం. కె.వి. మహదేవన్ సంగీతం. అప్పటికే ఘంటసాల కొండంత గాయకుడు. బాలు సినిమాల్లోకి వచ్చి మూడేళ్లే అయింది. అయినా వసంతరాత్రి గురించి ఆ ఇద్దరూ పాడిన పాటలో ఒకరిని ఒకరు మించిపోవాలన్న తాపత్రయం వినిపించదు. కొత్తగా పనిలో చేరిన కుర్రాడి పక్కన సీనియర్ ఎలా నిలబడాలో ఆ పాట వింటే తెలుస్తుంది.

కచేరీల్లోనూ ఇదే పద్ధతి. విజయవాడకు చెందిన మల్లాది సోదరులు శ్రీరాంప్రసాద్, రవికుమార్ పాడేటప్పుడు గమనించండి. ఒకరు స్వరకల్పన చేసి ఆపగానే రెండోవారు అందుకుంటారు. ఈలోగా మొదటివారికి ఊపిరి తీసుకునే వీలు దొరుకుతుంది.

కువైట్ కన్న అన్నదమ్ములు

మనం ఉంటున్న ఈ నేల మీద కూడా ఒక జంట పుట్టింది. అన్న సాలెహ్, తమ్ముడు దావూద్. యూదు కుటుంబం. 20వ శతాబ్దం మొదట్లో కువైట్‌లో పుట్టారు. చిన్నప్పుడు వాళ్ల బంధువు ఒకాయన వ్యాపారం మీద మన ఇండియా వెళ్లొస్తూ ఒక వయొలిన్, ఒక ఊద్ తెచ్చిచ్చాడట. అన్న వయొలిన్ పట్టాడు, తమ్ముడు ఊద్ పట్టి పాటందుకున్నాడు. తర్వాత ఇరాక్ వెళ్లి బాగ్దాద్‌లో గొప్ప పేరు తెచ్చుకున్నారు. 1951లో అదీ వదిలి ఇజ్రాయెల్ చేరారు. అక్కడ వెనుకటి వైభవం లేదు, కడుపు నింపుకోవడానికి దుకాణం నడుపుకోవాల్సి వచ్చింది. ఇన్ని దేశాలు మారినా లోకం వాళ్లను పిలిచింది మాత్రం 'అల్ కువైతీ' సోదరులనే. మన ఊళ్లో తిరిగొచ్చినోడి పేరు ముందు 'కువైట్' అని చేర్చినట్టే! దేశం మారింది, బతుకు మారింది. అన్న పక్కన తమ్ముడు మాత్రం మారలేదు.

ఓడి గెలిపించినవాడు

ఇక 'నాటు నాటు' సంగతి చెప్పక్కర్లేదు. 2022లో వచ్చిన 'ఆర్ఆర్ఆర్' కోసం చంద్రబోస్ రాస్తే, కీరవాణి స్వరపరిస్తే, రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ పాడారు. 2023 మార్చిలో ఆస్కార్ గెలిచింది. అదే వేదిక మీద ఆ ఇద్దరూ ఆ పాట పాడారు. అందరూ ఆ స్టెప్పుల గురించే మాట్లాడతారు గానీ, చివర్లో ఏం జరుగుతుందో చూశారా? ఇద్దరే మిగిలినప్పుడు స్నేహితుడి మనసు గ్రహించి, రామ్ కావాలనే పడిపోతాడు. భీమ్ గెలుస్తాడు. జోడీ అంటే అదీ!

మరి మన సంగతి? వచ్చే శుక్రవారం ఒక్క గంట ఇయర్‌ఫోన్లు తీసేద్దాం. రాత్రి డ్యూటీ చేసి పడుకున్నవాళ్లకు ఇబ్బంది లేకుండా, గొంతు కాస్త తగ్గించే పాడుకుందాం. కడపాయన ఒక చరణం అందుకుంటే గోదావరాయన రెండోది అందుకోవాలి. మాటలు మర్చిపోతే పక్కవాడు అందిస్తాడు. పాట అయ్యాక ఎలాగూ కబుర్లు మొదలవుతాయి. కంపెనీ జీతం ఆపిందనో, ఇంట్లో అమ్మకు బాగోలేదనో మనసులో దాచుకున్న మాట అప్పుడే బయటికొస్తుంది. తెలిస్తే కదా నలుగురం తలో చెయ్యి వేసేది!

నాకు పాట రాదంటూ దుప్పటి కప్పుకునేవాణ్ని మాత్రం వదలకండి. ముందు అతణ్నే పిలవండి. ఆ రోజు రెండో గొంతు అందరికంటే ఎక్కువ అవసరమైంది అతనికేనేమో!