బిగుసుకొనిన భుజము

గ్రామములో పంచాయతీ సభ్యుల గడపకు రాని సంగతి యుండదు. వీధి దీపము వెలుగకున్నను, కాలువ గట్టు తెగినను, ఇంటిలో ఎవరికైన జబ్బు చేసినను మొదట తట్టునది వారి తలుపే. అందుచేత ఊరివారు తరచుగా పొరబాటుగా అర్థము చేసికొను ఒక బాధను గూర్చి ఈ మాసము సభ్యులకు విన్నవించుచున్నాము. అది ప్రాణము తీయునది కాదు. కాని రెక్కాడినగాని డొక్కాడని వాని చేతిని ఒక సంవత్సరము, ఒక్కొక్కప్పుడు రెండు మూడు సంవత్సరములు, కట్టివేయును.

వ్యాధి ఆరంభమగు తీరు ఇట్లుండును. 50 ఏండ్ల గృహిణి యొకనాడు తల దువ్వుకొని కొప్పు ముడువబోవును; చేయి మెడ వెనుకకు పోదు. కొన్ని వారములుగా భుజములో నొప్పి యున్నను, బిందె మోసినందున కాబోలునని ఆమె ఊరకుండెను. ఇప్పుడు దండెముపై తడిబట్ట వేయలేదు, ఉట్టి అందదు, రాత్రి ఆ ప్రక్కకు ఒత్తిగిల్లినచో మెలకువ వచ్చును. మగవాడైనచో చొక్కా తొడుగుకొనుటకును, కండువా భుజముపై వేసికొనుటకును ఇతరుల సాయము కోరును. ఇరుగుపొరుగువారు గాలి సోకినదందురు, నరము పట్టినదందురు. ఫలానా ఊరిలో చేయి గుంజి ఒక్క పూటలో సరిచేయువాడు గలడని ఎవరో యొకరు చెప్పుదురు. ప్రమాదమంతయు అచ్చటనే యున్నది.

వైద్యులు దీనిని ఫ్రోజెన్ షోల్డర్ అందురు. మన ఆసుపత్రి చీటీలలో పెరియార్థ్రైటిస్ అనియు వ్రాయుట కలదు. 1872లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు డ్యుప్లే ఈ బాధను వర్ణించెను. 1934లో అమెరికా వైద్యుడు కాడ్మన్ దీనికి ఈ ఇంగ్లీషు పేరు పెట్టెను. గడ్డకట్టిన భుజమని దాని అర్థము. పేరు విని చలివలన వచ్చినదనుకొని కంబళి కప్పుకొనువారు కలరు. చలికిని దీనికిని సంబంధము లేదు.

భుజపు కీలు తుంటి కీలు వంటిది కాదు. తుంటిలో ఎముక తల లోతైన గుంటలో కూర్చుండును; భుజములో అది మూకుడు వంటి లోతులేని పళ్లెరమునకు ఆని యుండును. అందుకే చేయి అన్ని దిక్కులకు తిరుగును. కీలు చుట్టును వదులైన సంచి వంటి పొర యొకటి కలదు. చేయి క్రిందికి వ్రేలాడునప్పుడు ఆ పొర చంక వైపున చీర కుచ్చెళ్లవలె ముడుతలు పడియుండి, చేయి ఎత్తగనే విచ్చుకొనును. ఈ వ్యాధిలో ఆ పొరకు మొదట తాపము కలిగి, పిమ్మట అది దళసరియై, కుంచించుకొని, విచ్చుకొనుట మానివేయును. ఎముక చెడలేదు, కండరము తెగలేదు. కనుక ఎక్స్‌రేలో సాధారణముగా ఏమియు కనుపించదు. ‘ఫోటోలో ఏమియు లేదన్నారు గదా, ఇంక నొప్పి ఎక్కడిది?’ అని ఇంటివారు కసరుకొనుట తరచు విందుము. అది అన్యాయము.

వ్యాధి మూడు దశలుగా నడచును. మొదటి కొన్ని నెలలు నొప్పి హెచ్చుచుండును, ముఖ్యముగా రాత్రివేళ. తరువాత నొప్పి కొంత తగ్గును గాని చేయి బిగుసుకొనిపోవును. ఈ దశ 4 మొదలు 12 నెలల వరకు నుండవచ్చును. పిదప మెల్లమెల్లగా వదులగును. మొత్తము మీద 1 మొదలు 3 సంవత్సరముల కాలము పట్టును. చాలమందికి చేయి తిరిగి పనికి వచ్చును. కొందరికి మాత్రము కొద్దిపాటి బిగువు మిగిలిపోవును. ఈ కాలపరిమాణము తెలియకపోవుట చేతనే జనులు నెలకొక వైద్యుని మార్చి, నగలు కుదువపెట్టి, చివరకు వ్యాధి తనంతట వదలు సమయమున ఎవరి వద్ద నున్నారో వారికే ఆ ఘనత కట్టబెట్టుదురు.

గుర్తించుటకు సులభమైన ఉపాయమున్నది. మోచేతిని వంచి నడుమునకు ఆనించి, ముంజేతిని తలుపు రెక్క తెరచినట్లు వెలుపలికి త్రిప్పుమనవలెను. బాగుగానున్న చేయి తిరుగును. బిగిసిన చేయి తిరుగదు. మరియొకరు మెల్లగా త్రిప్పబోయినను తిరుగదు. తాను ఎత్తలేకున్నను ఇతరులు ఎత్తగా చేయి పైకి లేచినచో అది వేరొక బాధ, కండరపు తంతువు తెగుటయు కావచ్చును. ఏది యైనను తేల్చవలసినవాడు వైద్యుడే.

ఇక ముఖ్యమైన సంగతి. సాధారణ జనులలో నూటికి సుమారు 2 మొదలు 5 మందికి ఈ వ్యాధి వచ్చుననియు, మధుమేహము గలవారిలో నూటికి 10 మొదలు 20 మందికి వచ్చుననియు వైద్యుల అంచనా. థైరాయిడు గ్రంథి వ్యాధి గలవారికిని ఇది హెచ్చు. 40 మొదలు 60 ఏండ్ల వయస్సున, స్త్రీలకు కొంత అధికముగా వచ్చును. తనకు చక్కెర వ్యాధి యున్నదని తెలియని మనిషిని భుజపు నొప్పియే మొదటిసారి ఆసుపత్రి మెట్లు ఎక్కించుట కలదు. కనుక భుజము బిగిసినదని ఎవరు వచ్చినను, ముందుగా రక్తములో చక్కెర పరీక్ష చేయించుడని చెప్పవలెను. 30 ఏండ్లు నిండినవారికి ఈ పరీక్షను ప్రభుత్వ ఉపకేంద్రములలో ఉచితముగా చేయుదురు. భుజము కాలక్రమమున వదులగును. కనిపెట్టని మధుమేహము మాత్రము కన్నును, మూత్రపిండమును, పాదమును లోలోపల తినివేయుచుండును.

చికిత్స విషయమున రెండు తప్పులు జరుగుచున్నవి. ఒకటి, చేతిని మెడకు వ్రేలాడగట్టి కదల్పకుండుట. దానివలన బిగువు హెచ్చును. రెండవది, బలవంతముగా గుంజుట. శస్త్రవైద్యుడు మత్తు ఇచ్చి చేతిని సాచునప్పుడు సైతము అరుదుగా ఎముక విరుగుట కలదు. అట్టిచో నలుగురు పట్టుకొనగా అరుగుపై గుంజించుకొను చేతి గతి వేరుగ చెప్పనక్కరలేదు. వాతలు పెట్టించుకొనుటయు ఇట్టిదే. మధుమేహము గలవారికి ఆ పుండ్లు సులభముగా మానవు.

2004లో నెదర్లండ్సు దేశమున 77 మంది రోగులపై జరిగిన యొక పరిశీలన ఫలితము మాకు ఎంతయు ఆలోచింపదగినదిగా తోచినది. నొప్పి మితిని దాటకుండ చేతిని ఆడించుచు, ఓర్పుతో నున్నవారిలో నూటికి 89 మందికి రెండేండ్లకు చేయి ఇంచుమించు మామూలు స్థితికి వచ్చెను. నొప్పిని లెక్కచేయక గట్టిగా సాధనము చేయించినవారిలో 63 మందికే అట్లయ్యెను. 2020లో బ్రిటనులోని 35 ఆసుపత్రులలో 503 మందిని పరీక్షించగా, సూదిమందుతో కూడిన వ్యాయామ చికిత్స, మత్తులో సాచుట, గొట్టపు శస్త్రచికిత్స, ఈ మూడింటిలో ఏదియు తక్కిన రెండింటిని స్పష్టముగా మించినదని తేలలేదు. కనుక శస్త్రచికిత్సకు తొందరపడనక్కరలేదు. కొన్ని నెలల సాధనము పిమ్మటను చేయి వదులు కానివారికే వైద్యులు దానిని సూచింతురు.

ఇంటివద్ద చేయదగిన సాధనమునకు ఖర్చు లేదు. బాగున్న చేతిని బల్లపై ఆనించి, ముందుకు వంగి, బాధగల చేతిని చేదబావిలో బొక్కెనవలె వ్రేలాడవిడిచి మెల్లగా ముందునకు వెనుకకు ఊపవలెను. పిదప చిన్న చుట్లు త్రిప్పవలెను. రోజునకు రెండు మూడు మార్లు, మారునకు పదేసి ఊపులు చాలును. గోడకు ఎదురుగ నిలిచి వ్రేళ్లతో గోడ ప్రాకించి, అందిన చోట బొగ్గుతో గీత గీయవలెను. వెల్లకిల పరుండి రెండు చేతులతో కఱ్ఱ పట్టుకొని, మోచేతులు ప్రక్కల నానించి, బాగున్న చేతితో కఱ్ఱను నెట్టి బాధగల ముంజేతిని వెలుపలికి త్రిప్పుట మరియొకటి. సాధనము ముగిసిన కొలది సేపటికి నొప్పి సద్దుమణగవలెను. రాత్రియెల్ల సలిపినచో ఆనాడు మితిమీరినదని తెలిసికొని మరునాడు తగ్గింపవలెను. ముందుగా పది నిమిషములు గోరువెచ్చని గుడ్డ వేసిన మేలు. మధుమేహము వలన స్పర్శ తగ్గినవారికి ఆ వేడిని ఇంటివారు పరీక్షింపవలెను. పరుండునపుడు చేతి క్రింద దిండుంచిన కొంత నిద్ర పట్టును.

నొప్పి మాత్రలు వైద్యుని సలహాపైననే వాడవలెను. కడుపులో పుండు గాని, మూత్రపిండ వ్యాధి గాని కలవారికి వానిలో కొన్ని హాని చేయును. మొదటి దశలో కీలులోనికి ఇచ్చు స్టీరాయిడు సూది కొన్ని వారములపాటు మంచి ఉపశమనము నిచ్చును. మధుమేహము గలవారికి ఆ సూది తరువాత కొన్ని దినములు చక్కెర పెరుగును గనుక ఆ సంగతి ముందే వైద్యునికి చెప్పవలెను. పేరు లేని పొట్లముల పొడులు మాత్రము ఎవరిచ్చినను వలదు.

మణికట్టు విరిగి పిండికట్టు వేయించుకొనినవారు రెండు నెలలు భుజమును కూడ కదల్పక బిగియబెట్టుకొనుట మన పల్లెలలో చూచుచున్నాము. కట్టు వేసినది మణికట్టుకే. వైద్యుని నడిగి భుజమును రోజును ఆడించినచో ఈ రెండవ కష్టము చాలవరకు తప్పును. పక్షవాతము వచ్చినవారి చేతిని మాత్రము పట్టి లాగి లేపరాదు. ఎట్లు కదల్పవలెనో ఫిజియోథెరపీ తెలిసినవారు ఇంటివారికి నేర్పుదురు.

భుజపు నొప్పి యెల్ల ఇదియే కాదు. ఎడమ భుజపు నొప్పితో బాటు ఛాతీ బిగువు, చెమట, ఆయాసము కలిగినచో అది గుండె సంబంధమైనది కావచ్చును. వెంటనే 108 కు ఫోను చేయవలెను. పడిన పిమ్మట చేయి లేవకున్నను, కీలు ఎఱ్ఱబడి జ్వరము వచ్చినను, చేయి మొద్దుబారి పట్టు తప్పినను, కారణము లేక మనిషి చిక్కిపోవుచున్నను ఆలస్యము పనికిరాదు.

వీరిని ఆసుపత్రికి పంపునపుడు సభ్యులు చిన్న కాగితముపై మూడు సంగతులు వ్రాసి యిచ్చిన వైద్యునికి సమయము కలిసివచ్చును: నొప్పి యే నెలలో మొదలైనది, చక్కెర పరీక్షలో ఏమి వచ్చినది, ఇంతవరకు ఏ మందులు వాడినారు. ఆ మనిషి కూలికి పోవునట్టివారైనచో, చేయి వదులగువరకు తట్టలు మోయుటకు బదులు నడుము ఎత్తుకు మించి చేయి ఎత్తనవసరము లేని పని ఇప్పించునట్లు మేస్త్రీతో మాటాడవలెను. నెల తరువాత వారి వీధికి పోయినపుడు, గోడమీది బొగ్గు గీత ఎంత పైకి పోయినదో ఒకసారి చూచి రండు.