చిన్న వ్యాపారానికి పూచీ పడే పెద్ద సంస్థలు

మామూలు బ్యాంకులు వెనుకాడే చోట దీర్ఘకాలిక అప్పులు, వాటా పెట్టుబడులు, పూచీకత్తులు అందించడానికి ప్రభుత్వాలు నెలకొల్పినవే అభివృద్ధి ఆర్థిక సంస్థలు. ప్రపంచ బ్యాంకు బృందంలోని అంతర్జాతీయ ఫైనాన్స్ కార్పొరేషన్ (ఐఎఫ్‌సీ) 1956లో ఏర్పడింది. అంతకుముందే 1948లో బ్రిటన్ స్థాపించిన సీడీసీ ఇప్పుడు బ్రిటిష్ ఇంటర్నేషనల్ ఇన్వెస్ట్‌మెంట్ పేరుతో నడుస్తోంది. జర్మనీకి డీఈజీ, నెదర్లాండ్స్‌కు ఎఫ్ఎంఓ, ఫ్రాన్స్‌కు ప్రోపార్కో ఉన్నాయి. దేశంలోపలి చిన్న పరిశ్రమల కోసం భారత్ 1990లో సిడ్బీని నెలకొల్పింది.

వీటి అవసరం ఎంతటిదో ఐఎఫ్‌సీ 2017లో వేసిన అంచనా చెబుతుంది. వర్ధమాన దేశాల్లో నమోదైన సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల్లో 40 శాతానికి, అంటే దాదాపు 6.5 కోట్ల సంస్థలకు కావలసినంత అప్పు పుట్టడం లేదు. ఆ లోటు ఏటా 5.2 లక్షల కోట్ల డాలర్లు. బ్యాంకులు జంకడానికి కారణాలున్నాయి. అప్పు చిన్నదైనా పెద్దదైనా విచారణకు, కాగితాలకు అయ్యే ఖర్చులో పెద్ద తేడా ఉండదు. చిన్న వ్యాపారి దగ్గర పద్దులు పక్కాగా ఉండవు, తాకట్టు పెట్టడానికి భూమి ఉండదు. దాంతో అధిక వడ్డీకి బయట అప్పు తేవడమే అతనికి మిగిలే దారి.

విదేశీ సంస్థ ప్రతి ఊళ్లోని వర్క్‌షాపు గుమ్మం దాకా వెళ్లలేదు. అందుకే స్థానిక బ్యాంకులకూ, సూక్ష్మ రుణ సంస్థలకూ దీర్ఘకాలిక నిధులు ఇచ్చి, వాటి ద్వారా చిన్న వ్యాపారులకు అప్పులు ఇప్పిస్తుంది. కొన్నిచోట్ల ఫండ్ల ద్వారా ఎదిగే సంస్థల్లో వాటాలు తీసుకుంటుంది. డాలర్లలో తెచ్చిన అప్పు స్థానిక కరెన్సీ పడిపోయినప్పుడల్లా బరువెక్కుతుంది. ఆ ముప్పును తగ్గించడానికి ఇలాంటి సంస్థలే కలిసి 2007లో టీసీఎక్స్ అనే నిధిని ఏర్పాటు చేశాయి.

డబ్బుతో పాటు వ్యవస్థలను నిర్మించడమూ ఈ పనిలో భాగమే. ఘనాలో ఐఎఫ్‌సీ సహకారంతో 2010లో తాకట్టుల రిజిస్ట్రీ మొదలైంది. యంత్రాలనూ నిల్వ సరుకునూ హామీగా నమోదు చేసే వీలు కలగడంతో, భూమి లేని వ్యాపారికీ బ్యాంకు తలుపు తట్టే అవకాశం వచ్చింది.

భారత్‌లో ఈ ప్రయత్నం పాతదే. 1951 నాటి చట్టం కింద రాష్ట్రాల్లో ఫైనాన్షియల్ కార్పొరేషన్లు వెలిశాయి. ఆంధ్రప్రదేశ్ కార్పొరేషన్ 1956లో ఏర్పడింది. తర్వాత వచ్చిన సిడ్బీ, బ్యాంకులు చిన్న పరిశ్రమలకిచ్చే అప్పులకు రీఫైనాన్స్ చేస్తుంది. 2000లో కేంద్ర ప్రభుత్వం, సిడ్బీ కలిసి రుణ హామీ ట్రస్టును నెలకొల్పాయి. దీని కింద తాకట్టు లేకుండా ఇచ్చిన అప్పు మొండి బాకీగా మారితే నష్టంలో పెద్ద భాగాన్ని ట్రస్టు భరిస్తుంది. వ్యాపారి బాధ్యత మాత్రం రద్దు కాదు, బాకీ తీర్చవలసిందే. హామీకి అర్హమైన రుణ పరిమితి 2023లో 5 కోట్ల రూపాయలకు, 2025లో 10 కోట్లకు పెరిగింది.

సరుకు ఇచ్చినా డబ్బు చేతికి రాకపోవడం చిన్న పరిశ్రమలను కుంగదీసే మరో బెడద. 2006 నాటి చట్టం ప్రకారం కొనుగోలుదారు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. అయినా ఆలస్యాలు తప్పడం లేదు. ఇలాంటి బిల్లులను ఆన్‌లైన్ వేలంలో పెట్టి, బ్యాంకుల నుంచి ముందే సొమ్ము తెచ్చుకునే వేదికలను రిజర్వ్ బ్యాంకు అనుమతించింది. వాటిలో ఒకటైన ఆర్‌ఎక్స్ఐఎల్‌ను సిడ్బీ, నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీ కలిసి స్థాపించాయి.

అప్పు అందితే చాలదు, ఎలా అందిందన్నదీ ముఖ్యమే. సిడ్బీ, ఇతర బ్యాంకుల నిధులతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మ రుణ సంస్థలు వేగంగా విస్తరించాయి. ఒకే కుటుంబం మీద నాలుగైదు అప్పులు, వారం వారం కిస్తీలు, వసూళ్ల వేధింపులు పేరుకుపోయాయి. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఈ సంస్థలను కట్టడి చేస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది, దాంతో వసూళ్లు కుప్పకూలాయి. ఈ రంగాన్ని పరిశీలించిన మాలెగాం కమిటీ సిఫార్సుల తర్వాత 2011 డిసెంబరులో రిజర్వ్ బ్యాంకు ఈ సంస్థలకు వడ్డీ మీద, ఒకరికిచ్చే అప్పుల మీద పరిమితులు పెట్టింది. పైనుంచి వచ్చే నిధికి కింద పర్యవేక్షణ లేకపోతే పేదవాడి మీద భారమే పెరుగుతుందని ఆ సంక్షోభం నేర్పింది.

ఈ సంస్థల పనితీరును పంచిన మొత్తంతో మాత్రమే కొలవకూడదు. బ్యాంకు ఎలాగూ అప్పిచ్చే వ్యాపారికే ప్రభుత్వ నిధి చేరితే కొత్తగా ఒరిగేదేమీ లేదు. మొదటి అప్పుకు పూచీ పొందిన వ్యాపారి సకాలంలో కిస్తీలు కట్టి మంచి రుణ చరిత్ర సంపాదించాలి. రెండోసారి అతనికి ఏ పూచీ లేకుండానే బ్యాంకు అప్పిచ్చిందంటే ఆ ప్రజాధనం నిజంగా సార్థకమైనట్టే.