తేయాకు తుక్కునుండి కెఫీను తీయు విధము



నీలగిరులలోను, అస్సాములోను తేయాకును జల్లించునపుడు కాడలు, నూగు, పొడి మిగులును. ఈ తుక్కును మంచి తేయాకులో కలిపి అమ్మకుండుటకై, దాని నిలువకును అమ్మకమునకును లైసెన్సు ఉండవలెనని 1959లో కేంద్ర ప్రభుత్వము ఉత్తరువు చేసెను. ఆ తుక్కునకు న్యాయమైన వినియోగమొకటి కలదు. అది దానినుండి కెఫీను తీయుట. ఇది మందులలోను పానీయములలోను వాడబడును.

ఎండిన తేయాకులో నూటికి 2 మొదలు 4 పాళ్ళవరకు కెఫీను ఉండును. 100 పాళ్ళ చల్లని నీటిలో కెఫీను 2 పాళ్ళు మాత్రమే కరగును. మరుగు నీటిలో 66 పాళ్ళవరకు కరగును. కావున తుక్కును మరిగించియే కషాయము తీయవలెను. అయితే కెఫీనుతోపాటు వగరు పదార్థమగు టానిను కూడ దిగును. బెల్లము వండునపుడు చెరకు రసమునకు సున్నము వేసి మడ్డి తీయుట మన మెరుగుదుము. ఇచ్చటను సున్నమే టానినును పట్టి అడుగునకు దింపును.

పిమ్మట తేటను క్లోరోఫారమువంటి ద్రవముతో కడుగుదురు. కెఫీను నీటిని విడిచి అందులోనికి పోవును. మజ్జిగవలె చిలికినచో రెండును కలిసిపోయి చిక్కు తెచ్చును, మెల్లగా కలుపవలెను. ఒకేసారి ఎక్కువ ద్రవము పోయుటకంటె కొద్దికొద్దిగా పలుమార్లు కడుగుట లాభము. రెండు ద్రవములును కెఫీనును సమానముగా పట్టుననుకొందము. లీటరు కషాయమును లీటరు ద్రవముతో ఒకమారు కడిగినచో సగమే వచ్చును. అదే లీటరును రెండు సగములు చేసి రెండుమార్లు కడిగినచో 9 పాళ్ళలో 5 పాళ్ళు వచ్చును. ఖర్చు పెరుగక ఫలము పెరిగినది. తుదకు కెఫీనును వేడిచేయగా కర్పూరమువలె ఆవిరియై, చల్లని మూతకు తెల్లని సూదులుగా పట్టును.

క్లోరోఫారము ఆవిరి ఆరోగ్యమునకు హానికరము. 1967లో జర్మనీలో కుర్ట్ జోసెల్ అను శాస్త్రజ్ఞుడు బొగ్గుపులుసు వాయువుతో కాఫీ గింజలనుండి కెఫీను తీయవచ్చునని కనుగొనెను. 31 డిగ్రీల వేడిమిని, సాధారణ వాయుపీడనమునకు 73 రెట్ల ఒత్తిడిని దాటినపుడు ఆ వాయువు ద్రవమువలె కెఫీనును కరగించుకొనును. ఒత్తిడి తగ్గించినచో వాయువు ఎగిరిపోవును, విషశేష ముండదు. తేయాకునకును ఈ పద్ధతి పనికివచ్చును. కాని దృఢమైన ఉక్కు పాత్రలు కావలెను. అది ఒంటరి రైతుకు సాధ్యముగాదు.

ఇవి ఇంటిలో చేయదగిన పనులు కావని మేము గట్టిగా హెచ్చరించుచున్నాము. శుద్ధమైన కెఫీను 10 గ్రాములు మనుష్యుని ప్రాణమే తీయగలదు.

నీలగిరుల చిన్న రైతుల సహకార కర్మాగారములకు 1965లో ఇండ్‌కోసర్వ్ అను సమాఖ్య ఏర్పడెను. ఒకరి పిడికెడు తుక్కు చెత్తయే; పదిమందిది ఒకచోట చేరినచో సరుకగును. తేయాకు పండని మన గ్రామములలోను ఊక, పిప్పి, తొక్క కలవు. వానిని పారవేయుటకు ముందు మీ సంఘములో ఒకమారు ఆలోచింపుడు.