మగ్గం కూలీ సూపర్‌మ్యాన్ అయ్యాడు

మనకు సినిమా పాటలన్నీ నోటికి వచ్చు. కానీ సినిమా ఎట్లా తీస్తారో ఎంతమందికి తెలుసు? పోయిన ఆదివారం సారు మనకు కంప్యూటర్ రూములో చూపించిన 'సూపర్‌మెన్ ఆఫ్ మాలేగావ్' గురించి రాస్తున్నాను. దీన్ని ఫైజా అహ్మద్ ఖాన్ అనే ఆవిడ 2008లో తీశారు. ఇది కల్పించిన కథ కాదు. నిజం మనుషుల మీద తీసింది. దీన్నే డాక్యుమెంటరీ అంటారు.

మాలేగావ్ మహారాష్ట్రలో నాసిక్ జిల్లాలో ఉంది. అక్కడ చాలామంది మరమగ్గాల కూలీలు. శుక్రవారం సెలవు, ఆ రోజు సినిమాకు పోతారు. ఆ ఊర్లో షేక్ నాసిర్ అనే ఆయన వీడియో పార్లర్ నడిపేవాడు. సినిమా చదువు చదవలేదు. వీసీఆర్‌ల మీద సినిమా ముక్కలు కోసి అతికించడం తనంతట తనే నేర్చుకున్నాడు. ముందు 'మాలేగావ్ కే షోలే' తీశాడు. తర్వాత సూపర్‌మ్యాన్ తీద్దామనుకున్నాడు.

డబ్బులు లేవు కదా, మరి ఎట్లా తీశారు? కెమెరా ముందుకి నడవాలంటే సైకిల్ మీద కూర్చొని పట్టుకున్నారు. పైకి లేవాలంటే ఎడ్లబండిని ఎత్తారు. సూపర్‌మ్యాన్ ఎగరాలంటే వెనకాల పచ్చగుడ్డ కట్టి తీశారు. తర్వాత కంప్యూటర్‌లో ఆ పచ్చరంగు తీసేసి, ఆ జాగాలో ఆకాశం బొమ్మ పెడతారు. అప్పుడు మనిషి ఎగిరినట్టే కనిపిస్తాడు. ఒకసారి కెమెరా నీళ్ళల్లో పడిపోయింది. అయినా సినిమా ఆపలేదు.

సూపర్‌మ్యాన్ వేషం వేసినాయన పేరు షఫీక్. మగ్గం కూలీ. చాలా సన్నగా ఉంటాడు. ఆయన్ని చూసి మనమందరం నవ్వినాం. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. అయిపోయాక సారు చెప్పారు, షఫీక్ 2011లో క్యాన్సర్‌తో చనిపోయాడని. నాకు నోట మాట రాలేదు. మిరపకాయల కోతకు కూలికి పోయే మా నాయన కూడా అంతే సన్నగా ఉంటాడు. ఆయన్ని చూసి ఎవరైనా నవ్వితే నాకు కోపం రాదా?

కానీ షఫీక్ మన నవ్వు కోసమే కష్టపడ్డాడు. కూలివాడైనా తెర మీద ఎగిరాడు. వాళ్ళు తమ ఊరి యాసలోనే సినిమా తీశారు, సిగ్గుపడలేదు. మనమేమో సెలవులకు అమ్మానాయన వచ్చి కోయ భాషలో పిలిస్తే అటూ ఇటూ చూసుకుంటాం. నేనూ అట్లా చేశాను. ఇక చెయ్యను.

వార్డెన్ మేడం గారికి ఒక మనవి. మా ఊరి భూమి పండుగ మీద కోయ భాషలోనే చిన్న సినిమా తీస్తాం. ఒక్క ఆదివారం మీ ఫోను ఇవ్వండి మేడం. నీళ్ళల్లో పడనియ్యం.

— 9వ తరగతి విద్యార్థిని